కొనే ముందు దూరం కొలవండి: తక్కువ ధరలో టెలిఫోటో జూమ్ లెన్స్ ఎంచుకునే పద్ధతి

పోయిన చలికాలంలో ఇందుకూరుపేట వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, 75-300 కొనేదా, 55-250 కొనేదా? 300 అయితే పిట్ట ఇంకా దగ్గరికొస్తాది గదా?" అన్నాడు. ఈ అంకెలు లెన్స్ ఎంఎంలు, అంకె పెద్దదయ్యేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది. అతని దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. వాళ్ల నాన్న రొయ్యల గుంటలు చూసుకుంటారు. తెల్లారేసరికి గట్ల మీద కొంగలు, లకుముకి పిట్టలు వాలుతుంటాయి.

"నువ్వు తీయాలనుకునే పిట్ట నీకు ఎంత దూరంలో కూర్చుంటుంది?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అది ఎప్పుడూ కొలవలేదన్నా" అన్నాడు.

లెన్స్ కొనబోయే వాళ్లెవరు అడిగినా నేను ముందు ఇదే ప్రశ్న వేస్తాను. జవాబు దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. 300 పెద్దదా, 400 పెద్దదా అని వారాల తరబడి వీడియోలు చూస్తారు కానీ, తాము నిలబడే చోటు నుంచి పిట్ట వాలే చోటుకు ఎన్ని అంగలో లెక్కపెట్టరు. ఆ లెక్క తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. అందుకే ఇక్కడ లెన్సుల పేర్లకంటే ముందు దూరం గురించి చెబుతున్నాను.

మొదటి పని: అంగలతో దూరం కొలవడం

మర్నాడు ఆదివారం, ఇద్దరం వాళ్ల గుంట దగ్గరికి వెళ్లాం. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ పక్కన పాతిన కర్ర మీద తెల్లరొమ్ము లకుముకి పిట్ట కూర్చుని ఉంది. అది ఎగిరిపోయాక గట్టు వెంబడి అంగలు వేసి కొలిచాం. 16 అంగలు వచ్చాయి. మామూలు అంగ ముప్పాతిక మీటరు ఉంటుంది కాబట్టి 12 మీటర్లు.

ఇప్పుడు లెక్క చాలా తేలిక. కెమెరా లోపల వెలుతురు పట్టే పలకే సెన్సర్, అది చిన్న సైజులో ఉంటే క్రాప్ అంటారు. కెనాన్ క్రాప్ సెన్సర్ వెడల్పు దాదాపు 22 మిల్లీమీటర్లు. దూరాన్ని మీటర్లలో తీసుకుని, 22తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే, ఆ దూరంలో మీ ఫొటోలో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వస్తుంది. నికాన్, సోనీ క్రాప్ కెమెరాలకు 22 బదులు 24 వేసుకోండి, ఫుల్‌ఫ్రేమ్ అయితే 36.

12 మీటర్ల దగ్గర 250 ఎంఎంతో: 12 × 22 ÷ 250 అంటే 1.06 మీటర్లు. ఆ పిట్ట పొడవు 28 సెంటీమీటర్లు. ఫొటో వెడల్పులో నాలుగో వంతు నిండుతుంది. 1500డి ఫొటో వెడల్పు 6000 పిక్సెల్స్, అందులో పిట్టకే 1500కు పైగా వస్తాయి. చుట్టూ కత్తిరించినా ఫోన్‌లో చూడటానికి, పోస్ట్‌కార్డు సైజు ప్రింట్‌కు హాయిగా సరిపోతుంది.

అదే 300 ఎంఎంతో వేస్తే 88 సెంటీమీటర్లు వస్తుంది. 1.06 ఎక్కడ, 0.88 ఎక్కడ? తేడా ఉంది, కానీ గట్టు మీద మూడంగలు ముందుకేస్తే పూడిపోయే తేడా. ఈ లెక్క ఫోన్ కాలిక్యులేటర్‌లో వేసి చూపించాక ఆ అబ్బాయి 300 మాట మళ్లీ ఎత్తలేదు.

మన నెల్లూరు జిల్లాలో, చుట్టుపక్కల నేను కొలిచిన మరికొన్ని చోట్లు చెబుతాను. మైపాడు బీచ్‌లో అల దాటి వచ్చే ఫైబర్ పడవ నాకు 50 మీటర్ల దూరంలో ఉంటే, 250 ఎంఎంలో 4.4 మీటర్లే పడుతుంది. పడవ మొత్తం రాదు. అక్కడ 100 ఎంఎం చాలు. ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో తాడు కట్టిన హద్దు దగ్గర నిలబడితే ఎద్దుల జత ఒక్కోసారి 15 మీటర్లకు వచ్చేస్తుంది. 150-600 లెన్స్‌లో అతి తక్కువైన 150 దగ్గర కూడా 2.2 మీటర్లే పడుతుంది, పక్క నుంచి జత పూర్తిగా పట్టదు. 55 నుంచి మొదలయ్యే లెన్స్ ఉన్నవాళ్లు అక్కడ హాయిగా పని చేసుకుంటారు.

దీనికి పూర్తిగా ఎదురు పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు 200 మీటర్ల అవతల ఉండటం మామూలే. అక్కడ 600 ఎంఎం వేసినా 7.3 మీటర్లు పడుతుంది. ఒక్క పక్షి ఫ్రేమ్ నిండా రావాలంటే మన బడ్జెట్‌లో ఏ లెన్సూ చాలదు. ఆ చోట గుంపును గుంపుగానే, నీళ్లతో ఆకాశంతో కలిపి తీయాలి. అందుకు 250 కూడా మంచి లెన్సే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, నేలపట్టు పక్షుల కేంద్రం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, చలికాలం వస్తే నెల్లూరు వాళ్ల కాళ్లు ఇప్పటికీ అటే లాగుతాయి. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) ఒకటిన్నర మీటరు దాకా పొడవుండే పెద్ద పక్షులు. అవి తల మీదుగా ఎగిరి వస్తున్నప్పుడు 250 చాలు. దూరపు చెట్ల మీద గూడు, పిల్ల కావాలనుకుంటేనే 400, 600 అవసరం పడేది.

మీరు తరచూ వెళ్లే మూడు చోట్లు రాసుకోండి. అంగలతో కొలిచి లెక్క వేయండి. కాగితం మీద ఈ మూడు అంకెలూ లేకుండా దుకాణం మెట్లు ఎక్కవద్దు.

రెండో పని: మీ కెమెరాకు ఏది సరిగ్గా పడుతుందో చూడటం

ఇక్కడ పొరపాటు చేస్తే డబ్బు వృథా అవుతుంది, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు ఈఎఫ్ లెన్సులు, క్రాప్ వాటికి ఈఎఫ్-ఎస్ లెన్సులు కూడా పడతాయి (డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండే కెమెరా, మిర్రర్‌లెస్ అంటే అద్దం లేనిది). ఆర్ఎఫ్ లెన్సులు మిర్రర్‌లెస్‌కు మాత్రమే, ఏ అడాప్టర్ పెట్టినా డీఎస్ఎల్ఆర్‌కు రావు. తిరగేస్తే మాత్రం కుదురుతుంది: పాత ఈఎఫ్-ఎస్ లెన్స్‌ను అడాప్టర్‌తో ఆర్50, ఆర్10 లాంటి వాటికి పెట్టుకోవచ్చు, ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. రేపు మిర్రర్‌లెస్‌కు మారాలనుకునే వాళ్లకు ఇది ధైర్యం.

నికాన్‌లో రెండు చిక్కులున్నాయి. పాత ఏఎఫ్ 70-300 జి లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో చాలా చవగ్గా దొరుకుతుంది. దానిలో ఫోకస్ తిప్పే మోటార్ లేదు. డి3500, డి5600 లాంటి కెమెరాల్లోనూ మోటార్ ఉండదు. రెండూ కలిస్తే ఆటోఫోకస్ ఉండదు, ప్రతి ఫొటోకూ చేత్తో తిప్పుకోవాల్సిందే. రెండో చిక్కు కొత్త ఏఎఫ్-పి లెన్సులతో. అవి డి3100, డి3200, డి5100, డి7000, డి90 లాంటి పాత కెమెరాల మీద ఫోకస్ కావు. డి3300 నుంచి, డి5300 నుంచి పూర్తిగా పనిచేస్తాయి. కొన్నిటికి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాల్సి వస్తుంది. మీ కెమెరా అడుగున, ముందు రాసిన నంబర్ చూసుకుని మరీ వెళ్లండి.

మూడో పని: లెన్సులను పక్కపక్కన పెట్టి చూడటం

కొత్తగా మొదలుపెట్టే వాళ్ల చేతిలో ఉండే సొమ్మును బట్టి చెబుతాను. ధరలు పండగ ఆఫర్లకు మారిపోతుంటాయి కాబట్టి రూపాయల లెక్కలోకి పోవడం లేదు. చవకైన వాటి నుంచి ఖరీదైన వాటి వైపు వెళ్దాం. పేర్లలో ఎఫ్/ పక్కన ఉండేది అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం సైజు; ఆ అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది.

కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం. 2013లో వచ్చింది. 375 గ్రాములు, అంటే అర కిలో కూడా లేదు. చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ఉంది, ఫోకస్ మోటార్ చప్పుడు చేయదు, 85 సెంటీమీటర్ల దగ్గరి నుంచి ఫోకస్ అవుతుంది కాబట్టి వంగపూవు మీద సీతాకోకచిలుక కూడా దీంతోనే తీయొచ్చు. ఇదే పేరుతో ఎస్‌టీఎం అని లేని పాత రకాలు రెండున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ మీద ఎస్‌టీఎం అన్న అక్షరాలు కనపడాలి. కెనాన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఇదే, చాలామందికి చివరి పేరు కూడా ఇదే.

కెనాన్ ఈఎఫ్ 75-300 ఎఫ్/4-5.6 III. 1999 నాటిది. స్టెబిలైజర్ లేదు. 300 దగ్గర ఫొటో మెత్తగా వస్తుంది, తెల్ల కొంగ అంచుల్లో ఊదా రంగు గీత కనిపిస్తుంది. ఒకటిన్నర మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ధర తక్కువ, అంకె పెద్దది కాబట్టి కొత్తవాళ్లు దీనివైపు మొగ్గుతారు. ఆ 50 ఎంఎం కోసం స్టెబిలైజర్‌ను వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఎఫ్/8కు తగ్గించి, ఎండ ఉన్నప్పుడు, షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కంటే వేగంగా పెట్టి వాడండి, బాగానే పనికొస్తుంది.

నికాన్ వాళ్లకు ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 ఎఫ్/4.5-6.3 వీఆర్. 2016 నాటిది, 415 గ్రాములు. ఫోకస్ చురుగ్గా ఉంటుంది, 300 దగ్గర కూడా స్పష్టత బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: దీనికి కవల తోబుట్టువులాంటిది ఇంకొకటి ఉంది, చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ వీఆర్ లేదు, అంటే స్టెబిలైజర్ లేదు. పేరులో వీఆర్ అని ఉందో లేదో డబ్బా మీద, లెన్స్ మీద రెండుచోట్లా చదవండి. స్టెబిలైజర్ స్విచ్ లెన్స్ మీద ఉండదు, కెమెరా మెనూలో ఉంటుంది.

సోనీ క్రాప్ మిర్రర్‌లెస్‌కు 55-210 ఓఎస్ఎస్ (స్టెబిలైజర్ ఉన్నది) చవక, 345 గ్రాములు. మంచి స్పష్టత కావాలంటే 70-350 జి, కానీ అది వేరే ధర. మధ్యలో టామ్రాన్ 70-300 ఎఫ్/4.5-6.3 ఉంది, 545 గ్రాములు. స్పష్టత బాగుంటుంది గానీ దానిలో స్టెబిలైజర్ లేదు. కెమెరా బాడీలోనే స్టెబిలైజర్ ఉన్నవాళ్లకు సరే, ఏ6400 లాంటి బాడీ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

తర్వాతి మెట్టు 400. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 నాకు బాగా నచ్చిన లెన్స్. 2021లో వచ్చింది. 400 దాకా వెళ్లే లెన్స్ 635 గ్రాములే ఉండటం పెద్ద సంగతి. బైక్ మీద, బస్సులో తిరిగేవాళ్లకు ఈ బరువు విలువ తెలుస్తుంది. దాని లోటు వెలుతురు. 400 దగ్గర ఎఫ్/8 అంటే ఎఫ్/5.6 కంటే సగం వెలుతురే లోపలికి వస్తుంది. తెల్లవారుజామున ఎఫ్/5.6 లెన్స్ ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600 దగ్గర 1/1000 ఇచ్చే చోట దీనికి ఐఎస్ఓ 3200 పెట్టాలి. పొగమంచు పొద్దుల్లో ఈ తేడా ఫొటోలో గరుకుగా కనిపిస్తుంది. డీఎస్ఎల్ఆర్ వాళ్లకు ఇదే మెట్టులో సిగ్మా 100-400, టామ్రాన్ 100-400 ఉన్నాయి. రెండూ 2017లో వచ్చాయి, రెండూ కిలో పైనే, 400 దగ్గర ఎఫ్/6.3. ఈ రెండింటి మధ్య నేను పెద్దగా తేడా చూడను. మీకు ఏది మంచి బిల్లుతో, వారంటీతో దొరికితే అది తీసుకోండి.

ఇక 150-600. సిగ్మా కాంటెంపరరీ 1.93 కిలోలు, టామ్రాన్ జి2 రెండు కిలోలు. నికాన్ 200-500 ఎఫ్/5.6 అయితే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు. మంచి లెన్సులే. కానీ రెండు కిలోల లెన్స్‌ను అరగంట కంటి దగ్గర ఎత్తి పట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. రెండు లీటర్ల నీళ్ల సీసా నింపి, రెండు చేతులతో ముఖం ముందు పెట్టుకుని పది నిమిషాలు నిలబడండి. భుజం ఒప్పుకుంటేనే కొనండి. మోనోపాడ్ (ఒంటి కాలు స్టాండ్) ఖర్చు కూడా కలుపుకోండి. మీ కాగితం మీద రాసిన మూడు దూరాల్లో రెండు 40 మీటర్లు దాటితే ఈ మెట్టు ఎక్కడంలో అర్థం ఉంది.

నాలుగో పని: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మొదటి లెన్స్‌కు లోపల ఫంగస్ ఉంది. అమ్మినాయన గదిలో ట్యూబ్‌లైట్ కింద చూస్తే అద్దంలా మెరిసింది. ఇంటికి తెచ్చాక రాత్రి కరెంటు పోయినప్పుడు, ఫోన్ టార్చి వేసి ఊరికే వెనక నుంచి లోపలికి చూశాను. ముందు గ్లాసు వెనకాల, అంచు దగ్గర, సాలెగూడు పోగుల్లాంటి తెల్లని సన్నటి తీగలు, ఒక చుక్క నుంచి చుట్టూ పాకి కనిపించాయి. ఆయనకు ఫోన్ చేస్తే మళ్లీ ఎత్తలేదు. ఆ బాధ మీకు రాకూడదని ఈ భాగం వివరంగా రాస్తున్నాను.

రెండు మూతలూ తీసి, చీకటి మూలకు వెళ్లి, ఫోన్ టార్చిని ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి ఇంకో పక్క నుంచి చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులు ఉంటే ఫర్వాలేదు, ప్రతి లెన్స్‌లోనూ ఉంటాయి. తీగలు, మంచు పట్టినట్టు మసక ఉంటే వద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు. మన వైపు ఉప్పుగాలికి, తేమకు అది పెరుగుతుందే తప్ప తగ్గదు.

జూమ్ రింగ్‌ను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇసుక నలిగినట్టు కరకర వినిపిస్తే అది బీచ్ చూసి వచ్చిన లెన్స్. ముందు ఫిల్టర్ బిగించే మరల దగ్గర నొక్కు ఉంటే కింద పడిందని అర్థం. వెనక ఇత్తడి రంగు కాంటాక్టులు శుభ్రంగా ఉండాలి. కెమెరాకు తగిలించి షట్టర్ బటన్‌ను సగం నొక్కి, చెవి దగ్గర పెట్టండి. స్టెబిలైజర్ సన్నగా మూలుగుతుంది. వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా అతుక్కున్నట్టు ఉండాలి, గంతులేయకూడదు.

తర్వాత అసలు పరీక్ష. తెలుగు దినపత్రిక ఒకటి తీసుకుని, క్లాసిఫైడ్స్ పేజీని గోడకు నాలుగు మూలలా టేప్ వేసి అంటించండి. గుణింతాల ఒత్తులు, వట్రుసుడులు లెన్స్ స్పష్టతను పట్టిస్తాయి. పేజీ ఫ్రేమ్ నిండేంత దూరంలో, గోడకు ఎదురుగా, ట్రైపాడ్ లేదా కుర్చీ మీద కెమెరా పెట్టండి. లెన్స్ ముందు చవక యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజర్ ఆపండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి, లెన్స్ గరిష్ఠ ఎంఎం దగ్గర పూర్తిగా తెరిచిన అపెర్చర్‌లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయండి. కంప్యూటర్‌లో పెద్దది చేసి నాలుగు మూలలూ పోల్చండి. అన్ని మూలలూ సమానంగా కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూలలోనే క, ఖ తేడా తెలియనంతగా చెదిరిపోతే లోపల గ్లాసు పక్కకు జరిగిందన్నమాట. కొత్తదైనా సరే, మార్చుకునే గడువు లోపలే వెనక్కి ఇచ్చేయండి. అందుకే కొత్త లెన్స్ కొన్న రోజే ఈ పరీక్ష చేయాలి, పేరంటానికి దాచుకున్నట్టు దాచకూడదు.

జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్ రాసిన వారంటీ కార్డు అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే, మరమ్మతు వచ్చినరోజు ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

ఐదో పని: చవక లెన్స్‌తో ఖరీదైన లెన్స్ పని చేయించడం

అరకిలో, కిలో బరువులో ఉండే చవక జూమ్‌కు అసలు శత్రువులు రెండు: వణుకు, వేడి ఆవిరి.

వణుకుకు మందు షట్టర్ స్పీడ్. కూర్చున్న పిట్టకు 1/500, నడిచే కొంగకు 1/1000, ఎగిరే పక్షికి 1/1600 నుంచి 1/2000. ఐఎస్ఓను ఆటోలో పెట్టి 3200 దాకా వదిలేయండి. గరుకుగా ఉన్న ఫొటోను సర్దుకోవచ్చు, కదిలిన ఫొటోను ఎవరూ సర్దలేరు. రెండు కిలోల వడ్లు పోసి మూతి కుట్టిన గుడ్డసంచి ఒకటి బ్యాగ్‌లో ఉంచుకోండి. బైక్ సీటు మీద, కారు కిటికీ అంచున, గుంట గట్టు మీద పెట్టి దానిమీద లెన్స్ ఆనిస్తే ట్రైపాడ్ ఎందుకా అనిపిస్తుంది.

వేడి ఆవిరి సంగతి చాలామందికి తెలియక లెన్స్‌ను తిడతారు. రొయ్యల గుంటల మీద, ఉప్పు కయ్యల మీద, తారు రోడ్డు మీద ఎండెక్కేకొద్దీ గాలి అలలు అలలుగా లేస్తుంది. 9 దాటాక దూరపు పక్షి ఏ లెన్స్‌లోనైనా నీళ్లలో కరిగినట్టే వస్తుంది. లక్ష రూపాయల లెన్సుకూ దానికి విరుగుడు లేదు. పొద్దున 6 నుంచి 8.30 వరకు పని చేయండి, లేదా సాయంత్రం 4 తర్వాత.

తెల్ల కొంగల విషయంలో ఒక మాట. నాట్ల ముందు దమ్ము చేసే ట్రాక్టర్ వెనక పదుల కొంగలు మూగుతాయి, మన పొలాల్లో ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. చుట్టూ నల్ల బురద ఉంటుంది కాబట్టి కెమెరా వెలుతురు ఎక్కువ లాగి కొంగ ఈకలను సున్నం పూసినట్టు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కవేసిన వెలుతురును మనం తగ్గించే, పెంచే అమరిక) మైనస్ 0.7 లేదా మైనస్ 1 పెడితే రెక్కలో ఒక్కో ఈకా విడిగా కనిపిస్తుంది.

దగ్గరికి వెళ్లే పద్ధతి కూడా లెన్స్‌లో భాగమే అనుకోండి. ఒకసారి గట్టు మీద నిటారుగా నడిచిపోతుంటే కాపలా పెద్దాయన ఆపాడు. "అట్టా పోబాకండి సార్, పిట్ట లేసిపోతాది. ఈడ మోటరు షెడ్డు నీడన కూర్చోండి, అదే వస్తాది" అన్నాడు. కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు లకుముకి పిట్ట ఏడు మీటర్ల దూరంలో పైపు మీద వాలింది. ఆ పూట నా 250 ఎంఎం ఇచ్చిన ఫొటోలో దాని కంట్లో గుంట నీళ్ల మెరుపు కనిపిస్తుంది. గూళ్లు పెట్టే రోజుల్లో మాత్రం ఎంత ఆశగా ఉన్నా దగ్గరికి పోవద్దు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకి ఎత్తుకుపోతుంది.

ఇంటికొచ్చాక

మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల నుంచి వచ్చిన రోజు లెన్స్‌ను అలాగే బ్యాగ్‌లో వదిలేయకండి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో పైభాగం తుడవండి, ఆ తర్వాత పొడి గుడ్డ. ఇసుక ఊదకుండా తుడిస్తే గీతలు మనమే పెట్టినట్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, ముసుర్లు. ఆ మూడు నెలలూ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ గింజలు వేసి, లెన్స్‌ను అందులో ఉంచండి. రంగు మారే గింజలు కొనుక్కుంటే తేమ పీల్చుకున్న సంగతి కంటికి తెలుస్తుంది. అప్పుడు పెనం మీద సన్నసెగన వేడి చేసి, చల్లారాక తిరిగి వేయొచ్చు. తోలు సంచిలో, బీరువా అడుగున మాత్రం పెట్టకండి. వారానికి ఒకసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి.

ఆ తమ్ముడు ఎస్‌టీఎం 55-250 సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. టార్చి పరీక్ష తనే చేశాడు, పేపరు పరీక్ష ఇద్దరం వాళ్ల వరండా గోడ మీద చేశాం. ఇప్పుడు గట్టు మీద 8 మీటర్ల దగ్గర ఒక ఇటుక పాతి పెట్టుకున్నాడు. పిట్ట ఇటుకకు ఇవతల వాలితేనే బటన్ నొక్కుతాడు.